ఒక్కో కన్నూ మూసి చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడైనా కంటి శిబిరం జరిగితే మర్నాడు పత్రికలో వచ్చే వార్తలో రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి. ఇంతమందికి కళ్లద్దాలు ఇచ్చారు, ఇంతమందికి శుక్లం ఆపరేషన్ రాశారు. మూడో అంకె ఒకటి ఉంది, అది ఎక్కడా కనపడదు. అద్దాలు మార్చినా అక్షరం తేటపడనివాళ్లు, శుక్లం తీసి లెన్స్ వేసినా ఎదుటి మనిషి ముఖం పోల్చుకోలేనివాళ్లు ఎంతమంది అన్నది ఆ అంకె. వీళ్లలో చాలామందికి తేడా కంటి ముందు భాగంలో లేదు. వెనక గోడకు ఉండే, వెలుగును పట్టే పొర రెటీనాలో, దాని నట్టనడుమ ఉండే మాకులాలో ఉంది. శుక్లం ఆపరేషన్ ఆరు నెలలు ఆలస్యమైనా ఎక్కువమందికి పోయిన చూపు తిరిగి వస్తుంది. మాకులాలో నెత్తురూ నీరూ చేరిన కన్ను ఆరు నెలలు ఆగితే రాదు. ఈ తేడా తెలియక ఎన్నో కళ్లు పోతున్నాయి కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వస్తోంది. స్థలం చాలక కోయాల్సి వస్తే, ఇంట్లో చేసుకునే పరీక్ష గురించిన భాగాన్ని మాత్రం వదిలేయకండి.

బడి పుస్తకాల్లో పచ్చచుక్క అని చదువుకున్నామే, అదే మాకులా. వెడల్పు సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. దాని మధ్యలో ఉన్న చిన్న గుంట, ఫోవియా, ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే ఆవగింజంత. పేపరు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్లు ఏరడం, చేతిలోది రెండొందల నోటో ఐదొందల నోటో చూసుకోవడం, అన్నీ ఆ ఆవగింజంత చోటి మీదే నడుస్తాయి. చుట్టూ ఉన్న మిగతా రెటీనా పక్కచూపుకు పనికొస్తుంది. అందుకే మాకులా చెడిన మనిషి గడప తట్టుకోకుండా ఇంట్లో తిరుగుతాడు, పొలం వెళ్లొస్తాడు, కానీ పెళ్లి కార్డు చదవలేడు. ‘బాగానే నడుస్తున్నాడుగా, కళ్లకేమైంది’ అని ఇంట్లోవాళ్లు అనేది అందుకే. బస్సు మీద ‘విజయవాడ’ అని రాసి ఉంటే మొదటి అక్షరం, చివరి అక్షరం కనిపిస్తాయి, నడుమ అక్షరాల మీద బూడిదరంగు మచ్చ కూర్చుంటుంది. చూపు అటు తిప్పితే మచ్చ కూడా అటే వస్తుంది. శుక్లం మసక ఇలా ఉండదు. అది మురికిపట్టిన గాజులోంచి చూసినట్టు మొత్తం మీద సమంగా పరుచుకుంటుంది. రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చుట్టూ చెదిరిపోతుంది. నడుమ మచ్చ, గీతలు వంకర, ఈ రెండింట్లో ఏది కనిపించినా అది శుక్లం లక్షణం కాదని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

జబ్బు ఆలస్యంగా బయటపడటానికి ఇంకో కారణం మనకు రెండు కళ్లుండటం. ఒక కంట్లో నడుమ చూపు పోయినా రెండో కన్ను ఆ లోటు కనపడనివ్వదు. ఏ నలుసో పడి మంచి కన్ను నలుపుకుంటూ మూసినప్పుడు ‘అయ్యో, ఈ కన్ను కనపడటంలేదే’ అని తెలుస్తుంది. ‘నిన్నటి నుంచి కనపడటంలేదు’ అని వచ్చినవాళ్ల కంటిలో నెలలనాటి మచ్చ ఉండటం మామూలే.

ఇంట్లో పరీక్ష ఇలా చేసుకోవాలి. నలభై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు వయసుతో నిమిత్తం లేకుండా, వారానికొకసారి చేసుకుంటే చాలు. ఒక కంట్లో జబ్బు ఉందని ఇప్పటికే తేలినవాళ్లు రోజూ చేసుకోవాలి. దగ్గరిచూపు అద్దాలుంటే పెట్టుకోండి. వెలుతురు బాగా ఉన్నచోట కూర్చుని గళ్ల కాగితం జానెడున్నర దూరంలో, అంటే సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. కాగితం నడుమ పెన్నుతో ఒక నల్ల చుక్క పెట్టుకోవాలి. అరచేత్తో ఒక కన్ను పూర్తిగా మూయండి, కంటిని నొక్కకండి. తెరిచిన కంటితో నడుమ చుక్కనే చూస్తూ, చూపు కదల్చకుండా, చుట్టూ గీతలు ఎలా ఉన్నాయో గమనించండి. ఏదైనా గీత అల కొట్టినట్టు వంగిందా, గళ్లు ఒకచోట చిన్నవిగా, మరోచోట పెద్దవిగా ఉన్నాయా, ఎక్కడైనా గళ్లు చెరిగిపోయాయా, నడుమ చుక్కే కనపడటం లేదా? తర్వాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఈ పరీక్ష ఎందుకూ పనికిరాదు. దీన్ని స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ పేరుతో ఆమ్స్లర్ గడి అంటారు. కాగితం లేకపోతే పిల్లల లెక్కల నోటుపుస్తకం, గోడమీది తెలుగు క్యాలెండరు గళ్లు, స్నానాలగది టైల్స్, కిటికీ గ్రిల్లు, ఏదైనా సరే. తలుపు చట్రం మధ్యలో పొట్ట వచ్చినట్టు, కరెంటు స్తంభానికి నడుము విరిగినట్టు కనిపిస్తే వారం లోపల రెటీనా వైద్యుడి దగ్గర ఉండాలి. మొదట అద్దాల షాపు, తర్వాత చుక్కల మందు, ఆ తర్వాత చూద్దాం అనుకుంటే ఆ వారం గడిచిపోతుంది.

శిబిరాల్లో పనిచేసే సిబ్బందికి కూడా ఒక చిన్న పరికరం చాలు. అట్టముక్కకు ఒక మిల్లీమీటరు పైచిలుకు రంధ్రం చేసి, రోగిని అందులోంచి ఆరు మీటర్ల దూరంలోని బోర్డు చదవమనాలి. రంధ్రంలోంచి చూస్తే వరసలు పెరిగితే అది అద్దాల సమస్య. పెరగకపోయినా, ఇంకా తగ్గినా అద్దం రాసి పంపకూడదు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూడాలి, లేదా చూసేచోటికి పంపాలి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు లక్షలమంది ముఖానికి అద్దాలు తెచ్చాయి. అది చిన్న పనేమీ కాదు. ఆ బల్లల మీదే ఈ రంధ్రపు అట్ట, ఒక గళ్ల కాగితం ఉంటే అద్దంతో తీరని చూపును అక్కడికక్కడే విడదీయవచ్చు.

ఇక జబ్బుల సంగతి. మాకులా జబ్బు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. యాభై దాటాక వచ్చేది వయసు మాకులా జబ్బు. రెటీనాలో వెలుగును పట్టే కణాలు తమ కొసలను రోజూ రాల్చుకుంటాయి. కిందనున్న రంగు కణాల వరస ఆ చెత్తను మింగి జీర్ణం చేసుకుంటుంది. వయసు పైబడ్డాక ఆ శక్తి తగ్గి, మింగలేని చెత్త పొరల నడుమ పసుపు చుక్కలుగా పేరుకుంటుంది. వీటినే డ్రూసెన్ అంటారు. మురుగుకాలువలో పూడిక లాంటిదే. పూడిక పెరిగేకొద్దీ పైనున్న కణాలకు తిండి అందక ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చస్తాయి. ఇది పొడి రకం. ఎక్కువమందికి ఉండేది ఇదే, నెమ్మదిగా నడుస్తుంది. కొందరిలో మాత్రం కిందనుండే రక్తనాళాల పొర, రక్తపటలం నుంచి నాసిరకం రక్తనాళాలు పూడికను చీల్చుకుని పైకి పాకుతాయి. గోడ గట్టిగాలేని నాళాలు కనుక నీరు కారుతుంది, నెత్తురు చిమ్ముతుంది, చివరకు మచ్చగా గట్టిపడుతుంది. ఇది తడి రకం. సంఖ్యలో తక్కువ, కానీ ఈ జబ్బుతో చూపు బాగా పోయినవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. నెలలు కాదు, వారాల్లో పోతుంది. ఆసియా దేశాలవాళ్లలో, మనలోనూ, ఆ నాళాల కొసలు ద్రాక్షగుత్తుల్లా ఉబ్బే పాలిపాయిడల్ రకం ఎక్కువ. ఇంజెక్షన్లకు అనుకున్నంత లొంగని తడి కేసుల్లో దీన్ని అనుమానించి, ఐసీజీ అనే ఆకుపచ్చ రంగుమందుతో కంటి నాళాల ఫొటో (యాంజియోగ్రామ్) తీయించాలి.

వయసును, వంశాన్ని మార్చలేం. మార్చగలిగినవాటిలో మొదటిది పొగ. 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో చుట్ట బాగా కాల్చేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువని తేలింది. సిగరెట్టు మానేసి చుట్టకు మారాం, అది ఆకే కదా అనేవాళ్లు ఇది గమనించాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా పొగాకే. అడ్డపొగ అంటే నోటి క్యాన్సర్ ఒక్కటే చెబుతున్నాం, కంటి మాట కూడా చెప్పాలి.

పొడి రకానికి మందుల షాపుల్లో, ఆకుకూరల్లో ఉండే ల్యూటిన్ అనే పదార్థంతో చేసిన మాత్రలు విపరీతంగా అమ్ముడవుతున్నాయి. ఎవరికి పనికొస్తాయో, ఎవరికి రావో స్పష్టంగానే తెలుసు. అమెరికాలో పెద్దఎత్తున జరిగి 2001లో, 2013లో ఫలితాలు వెలువడిన రెండు పరీక్షల ప్రకారం రోజూ విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఇ 400 యూనిట్లు, జింక్ 80 మి.గ్రా., రాగి 2 మి.గ్రా., ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంతిన్ 2 మి.గ్రా. కలిపి తీసుకుంటే, మధ్యస్థాయి పొడి జబ్బు ఉన్నవాళ్లలో, లేదా ఒక కంట్లో ఇప్పటికే ముదిరినవాళ్లలో, ఐదేళ్లలో జబ్బు ముదిరే ప్రమాదం నాలుగోవంతు తగ్గుతుంది. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకూ, అసలు లేనివాళ్లకూ లాభం లేదు. పోయిన చూపు తిరిగి రాదు. పొగ తాగేవాళ్లు, తాగి మానేసినవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న పాత రకం మాత్రలు వాడకూడదు. వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. డబ్బా వెనక చదివి తీసుకోండి. చాలా డబ్బాల్లో ల్యూటిన్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, మోతాదు చూస్తే పైన చెప్పినదానికి దగ్గరగా కూడా ఉండదు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు మాత్రల కంటే రోజూ ఆకుకూర మేలు. పొన్నగంటి కూర కంటికి మంచిదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. తోటకూర, పాలకూర, మునగాకులోనూ ల్యూటిన్ ఉంది. గుడ్డు పచ్చసొనలోనూ ఉంది.

తడి రకానికి మందు కంట్లో వేసే ఇంజెక్షన్. ఆ నాసి నాళాలను పెంచేది వెజ్ఎఫ్ అనే ప్రోటీన్. దాన్ని కట్టేసే మందులు బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్, బ్రోలుసిజుమాబ్, ఫారిసిమాబ్. కంట్లో సూది అనగానే జనం హడలిపోతారు, కనుక జరిగేదేమిటో చెప్పాలి. మత్తు చుక్కలు వేస్తారు. రెప్పల చుట్టూ, కంట్లో పోవిడోన్ అయోడిన్ వేస్తారు. కొంచెం మండుతుంది, కానీ చీము పట్టకుండా కాపాడేది ముఖ్యంగా అదే, దాన్ని వద్దనకూడదు. రెప్పలు మూసుకోకుండా సన్నటి క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డులోంచి, వెంట్రుకను తలపించే 30 గేజి సూదితో మందు వేస్తారు. మందు 0.05 మిల్లీలీటరు, ఒక్క చుక్క. సూది లోపల ఉండేది సెకన్లు. వెంటనే వేళ్లు లెక్కపెట్టమంటారు, కంట్లో ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగలేదని తెలుసుకోవడానికి. ఆ సాయంత్రం గరగరలాడటం, సూది దిగినచోట ఎర్ర మరక, ఒకటి రెండు గుండ్రటి బుడగలు తేలినట్టు కనిపించడం మామూలే. ఎర్ర మరక రెండు వారాల్లో పోతుంది. నాలుగైదు రోజులు తలస్నానం వద్దు, కన్ను నలపవద్దు. మామూలు కానిది ఒకటుంది. రెండో రోజు నుంచి వారం లోపు నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడి, చూపు తగ్గుతుంటే కంట్లో సూక్ష్మజీవి చేరిందన్నమాట. వేలల్లో ఒకరికి వస్తుంది, కానీ వస్తే గంటలు కూడా ముఖ్యమే. తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి. ఇటీవల గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, గర్భిణులు ఆ మాట ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి.

ఎక్కువ కళ్లు పోతున్నది ఇంజెక్షన్ వల్ల కాదు, సగంలో మానేయడం వల్ల. మందు కంట్లో కొద్ది వారాలే నిలుస్తుంది. ఆ తర్వాత నాళం మళ్లీ కారడం మొదలుపెడుతుంది, ఎందుకంటే మందు నాళాన్ని ఎండగట్టిందే కానీ పెకలించలేదు. అందుకే మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు. రెటీనా పొరల అడ్డకోతను చూపే ఓసీటీ స్కాన్‌లో నీరు తగ్గితే ఎడాన్ని ఆరువారాలకు, ఎనిమిది వారాలకు, కొత్త మందులతో కొందరిలో పన్నెండు, పదహారు వారాల దాకా పెంచుకుంటూ పోతారు. నీరు మళ్లీ కనిపిస్తే ఎడం తగ్గిస్తారు. మూడు సూదులకు చూపు కాస్త తేటపడగానే ‘నయమైంది’ అని మానేసినవాళ్లు, ‘మూడు వేసినా ఏం తేడా లేదు’ అని మానేసినవాళ్లు, ఇద్దరూ ఒకచోటికే చేరతారు. నెలనెలా తప్పకుండా రానిబిజుమాబ్ తీసుకున్నవారి మీద జరిగిన పరీక్షలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చూపు నిలబడింది. మూడోవంతు మందికి బోర్డు మీద మూడు వరసలు పెరిగింది. చూపు నిలబడటమే ఈ మందు చేసే పెద్ద మేలు. ఈ మాట మొదటి సూదికి ముందే చెప్పని వైద్యులదీ ఇందులో తప్పే.

ఖరీదు విషయం కూడా దాచాల్సిన పనిలేదు. బెవాసిజుమాబ్ పెద్దపేగు క్యాన్సర్‌కు వచ్చిన మందు. కంటికి కొద్దిగానే కావాలి కాబట్టి చవకగా పడుతుంది. తడి జబ్బులో ఖరీదైన రానిబిజుమాబ్‌కు ఇది తీసిపోదని 2011లో అమెరికా ప్రభుత్వ పరీక్షలోనే తేలింది. చిక్కంతా సీసాతో. 4 మిల్లీలీటర్ల సీసాలోంచి ఒక కంటికి తీసేది 0.05 మిల్లీలీటరు. ఒకే సీసాను ఎంతోమందికి పంచుతారు. ఆ పంపకం దుమ్ము, సూక్ష్మజీవి చొరని గాలిపెట్టెలో, ఒక్కసారే, ఎవరి సిరంజి వాళ్లకు విడిగా జరగాలి, 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. రబ్బరు మూతకు పదేపదే సూది గుచ్చి వాడితే ఒక్క సీసా నుంచి ఒకేరోజు పలువురి కళ్లకు చీము పట్టే ప్రమాదం ఉంది. అలాంటివి జరిగాయి కూడా. మందు పేరు, బ్యాచ్ నంబరు రశీదు మీద రాయమని అడగండి, అది రోగి హక్కు. చవక మందు చెడ్డదనుకుని అప్పుచేసి ఒకేఒక ఖరీదైన సూది వేయించుకోవడం కంటే, శుభ్రంగా పంచిన చవక మందును వరసగా వేయించుకోవడం ఎంతో మేలు.

మన రాష్ట్రాల్లో మాకులాకు ఇంకో పెద్ద శత్రువు షుగరు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైతే రెటీనాలోని సన్న నాళాలు నీరు కారుస్తాయి, మాకులా తడిసిన స్పాంజిలా ఉబ్బుతుంది. మామూలుగా 250 మైక్రాన్లకు (పావు మిల్లీమీటరుకు) అటూ ఇటూ ఉండే మాకులా నడుమ మందం 400, 500 మైక్రాన్లకు చేరడం ఓసీటీలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, మొదట్లో చూపూ తగ్గదు. టైప్ 2 షుగరు అని తెలిసిన రోజే ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి పాప పెద్దదిచేసి రెటీనా చూపించుకోవాలి. షుగరు ఉండి గర్భం దాల్చినవాళ్లు మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి. ‘బోర్డు మీద చివరి వరస చదివాను, నాకేంలేదు’ అంటే కుదరదు. దీనికీ పైన చెప్పిన ఇంజెక్షన్లే వేస్తారు, కానీ నీరు చేరినా చూపు పూర్తిగా నిలబడి ఉన్నవాళ్లకు వెంటనే అక్కర్లేదు, దగ్గరగా గమనిస్తే చాలు. చూపు 6/15 (అంటే మంచి కన్ను పదిహేను మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచే చదవగలగడం) గాని, అంతకంటే గాని తగ్గినవాళ్లకు మొదటి ఏడాది అఫ్లిబెర్సెప్ట్ మిగతావాటికంటే బాగా పనిచేసింది. ఇంజెక్షన్లు పనిచేయనివాళ్లకు స్టిరాయిడ్ ఇంప్లాంట్ ఉంది, కానీ అది శుక్లాన్ని, కంటి ఒత్తిడిని పెంచుతుంది. కంటికి మందు వేస్తూ బీపీ, కిడ్నీ, రక్తహీనత చూడకపోతే నీరు మళ్లీ చేరుతుంది. షుగరుకు పయోగ్లిటజోన్ మాత్ర వాడుతున్నవాళ్లు కంటి వైద్యుడికి తప్పక చెప్పాలి, అది ఒంట్లో నీరు నిలిపే మందు, కొందరిలో మాకులా వాపును పెంచుతుంది. కాళ్లవాపు, మాకులా వాపు రెండూ కలిసి వస్తే ముందు ఆ చీటీ చూడాలి.

మందుల వల్ల వచ్చే మాకులా జబ్బులు మరింత బాధ కలిగిస్తాయి, ఎందుకంటే అవి ఆపదగినవి. ముప్పై నుంచి యాభై మధ్య మగవాళ్లకు ఉన్నట్టుండి చూపు నడుమ నీటిబొట్టు లాంటి గుండ్రటి మసక వస్తుంది, వస్తువులు చిన్నవిగా కనిపిస్తాయి. దీన్ని సెంట్రల్ సీరస్ జబ్బు అంటారు. నిద్రలేమి, ఒత్తిడి ఒక వైపు, స్టిరాయిడ్లు ఇంకోవైపు. చీటీ లేకుండా షాపులో కొన్న స్టిరాయిడ్ మాత్ర, ఉబ్బసానికని ఇచ్చే పేరులేని పొడి, ముఖం తెల్లబడాలని రాసే క్రీము, కండలకోసం వేయించుకునే సూది, ముక్కులో కొట్టే స్ప్రే కూడా దీనికి కారణం కావచ్చు. మూడు నాలుగు నెలల్లో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోగా పెరిగేది, కంటివాపు అనుకుని ఎవరో మళ్లీ స్టిరాయిడే ఇచ్చినప్పుడు. ఏళ్లుగా వాడుతున్న స్టిరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఒక్కసారి ఆపకూడదు, వైద్యుడే మెల్లగా తగ్గించాలి.

కీళ్లవాతానికి, ఒంటి రక్షణశక్తి ఒంటిమీదికే తిరగబడే జబ్బు లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మంచి మందే. మన దేశంలో షుగరుకు కూడా రాస్తున్నారు. దీని హద్దు రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. యాభై కిలోల మనిషికి 250 మి.గ్రా. దాటకూడదు, కానీ చాలా చీటీల మీద అందరికీ 400 అని ఉంటుంది. అది కిలోకు 8 మి.గ్రా. ఏళ్లు గడిచేకొద్దీ మందు ఫోవియా చుట్టూ కణాలను రింగులా తినేస్తుంది, ఆపినా పోయినవి రావు. మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా ఓసీటీ, దృష్టిక్షేత్రం (చూపు ఎక్కడెక్కడ అందుతోందో చూసే) పరీక్ష చేయించుకోవాలి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు ఐదేళ్లు ఆగకూడదు. చీటీ రాసేముందు బరువు తూచడం ఒక నిమిషం పని.

పదేళ్లు, పదిహేనేళ్ల పిల్లలు బ్లాక్‌బోర్డు కనపడటం లేదంటే, అద్దంతో సరికాకపోతే, స్టార్‌గార్ట్ జబ్బు గుర్తుకు రావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు చేరితే వచ్చేది ఇది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ఇళ్లలో దీనికి తావు ఎక్కువ. ఇందులో ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. చూపు తగ్గిందని పిల్లలకు విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో వేస్తున్నారు. ఈ జబ్బులో విటమిన్ ఎ నుంచి పుట్టే వ్యర్థమే రెటీనాలో పేరుకుంటోంది. రేచీకటి పిల్లవాడికి అమృతమైనది ఈ పిల్లవాడికి విషం.

మాకులాకు చిల్లుపడితే ఆపరేషన్ ఉంది. ఆపరేషన్ తర్వాత కంట్లో వాయువు నింపి కొద్ది రోజులు బోర్లా ఉండమంటారు. వాయువు ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. సూర్యగ్రహణాన్ని నేరుగా చూసినా, లేజర్ పాయింటరుతో ఆడినా మాకులా కాలుతుంది, దానికి మందు లేదు.

నందివర్ధనం పూల రసం, తేనె, చనుబాలు కంట్లో పోసుకుంటే మాకులా దాకా ఏదీ చేరదు, చేరేది సూక్ష్మజీవే. అంతకంటే పెద్ద మోసాలూ ఉన్నాయి. 2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు పెద్దవయసు మహిళలకు మూలకణాల చికిత్స పేరుతో వాళ్ల కొవ్వు నుంచి తీసిన కణాలను ఒకేరోజు రెండు కళ్లలోనూ ఎక్కించారు. ముగ్గురి చూపూ పోయింది. పొడి రకం ముదిరినవాళ్లకు 2023లో అమెరికాలో రెండు ఇంజెక్షన్లు ఆమోదం పొందాయి. అవి మచ్చ పెరుగుదలను నెమ్మదింపజేస్తాయంతే, చూపు పెంచవు. పొడి జబ్బును పూర్తిగా నయంచేస్తామని ఎవరు ప్రకటన వేసినా నమ్మవద్దు, అలాంటి ప్రకటనలను పత్రికలు వేయకుండా ఉంటే ఇంకా మంచిది.

శుక్లం ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు, లెన్స్ ఎంచుకునేముందు ఓసీటీ తీయించమని అడగాలి. మాకులా జబ్బు ఉన్న కంటికి దగ్గరా దూరమూ రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్స్ సరిపడదు. అది వెలుగును పంచుతుంది, ఇప్పటికే నలుపు తెలుపుల తేడా తగ్గిన కంటికి ఇంకా తగ్గుతుంది. ఖరీదు తక్కువైన మామూలు లెన్సే ఆ కంటికి మేలు.

నడుమ చూపు పోయినవాళ్లకు చేయాల్సింది ఇంకా చాలా ఉంది. మచ్చ పక్కనుంచి చూడటం నేర్పవచ్చు, చదివే చోట బల్బును భుజం పక్కకు దించవచ్చు, భూతద్దం, ఫోన్లో పెద్దక్షరాలు, చదివి వినిపించే సౌకర్యం ఉన్నాయి. అద్దాలతో సరిదిద్దాక కూడా మెరుగైన కంట్లో చూపు 6/18 దాటనివాళ్లకు 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అల్పదృష్టి గుర్తింపు ఉంది. ఇంకొక సంగతి. చూపు పోయిన కొందరు పెద్దవాళ్లకు లేని పూలు, ముగ్గుల్లాంటి గీతలు, చిన్నచిన్న మనుషులు కనిపిస్తారు. కళ్ల నుంచి సమాచారం అందని మెదడు సొంతంగా బొమ్మలు గీసుకోవడమే అది. దీన్ని చార్లెస్ బోనే లక్షణం అంటారు. పిచ్చీ కాదు, గాలి సోకడమూ కాదు. భూతవైద్యుల దగ్గరకు తిప్పుతారన్న భయంతో చాలామంది బయటికి చెప్పరు. ఇంట్లోవాళ్లే నెమ్మదిగా అడిగితే చెబుతారు.

ప్రభుత్వాలను అడిగేవి మూడు. షుగరు క్లినిక్ ఉన్న ప్రతి ఆసుపత్రిలో రెటీనా ఫొటో తీసే కెమెరా, తీసినది చూసి చెప్పే వైద్యుడు. ఇంజెక్షన్‌కు సాయం చేస్తే ఒక సూదికి కాక ఏడాది వరసకు సాయం. బెవాసిజుమాబ్ పంపకానికి జిల్లాకొక శుభ్రమైన ఫార్మసీ.

పత్రికను అడిగేది ఒకటే. ఏదైనా ఒక ఆదివారం సంచికలో గళ్ల బొమ్మ వేయండి. పది సెంటీమీటర్ల చదరం, అందులో ఐదు మిల్లీమీటర్ల గళ్లు అడ్డంగా ఇరవై, నిలువుగా ఇరవై, నడుమ నల్ల చుక్క. పేజీలో పట్టించడానికి కుదించవద్దు, పక్కన రంగు ప్రకటన వద్దు, తెల్ల కాగితం మీద నల్ల గీతలుగానే రావాలి. కత్తిరించుకుని పూజగది తలుపు మీదో, ఫ్రిజ్ మీదో అంటించుకోవడానికి చుట్టూ చుక్కల గీత ఉండాలి. కింద ఒక్క వాక్యం చాలు: ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది.

— ఒక రెటీనా వైద్యుడు, రాజమహేంద్రవరం